కలుషిత నేలను శుద్ధి చేసే చోట భూగర్భ జలాలను పరీక్షించడం ఎలా? మొదటి బోరు నుంచి చివరి రిపోర్టు దాకా

కలుషిత నేలను శుద్ధి చేస్తున్న చోట ఎన్ని బోర్లు వేయాలి, శాంపిల్ ఎలా తీయాలి, ఎన్నాళ్లకోసారి తీయాలి అని చాలామంది అడుగుతున్నారు. ఒకదాని జవాబు ఇంకోదాని మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, పని జరగాల్సిన వరసలోనే మొత్తం రాస్తున్నాను.

ల్యాబ్ రిపోర్టులో అంకె తేడాగా కనిపిస్తే అందరూ ముందు ల్యాబ్‌నే అనుమానిస్తారు. నేను చూసినంతలో తప్పు చాలాసార్లు శాంపిల్ ల్యాబ్‌కు చేరకముందే జరిగిపోయి ఉంటుంది. బోరు వేసిన తీరులోనో, నీరు తోడిన వేగంలోనో, సీసా మూత బిగించడంలోనో. సీసాలోకి రావాల్సింది నేల పొరల్లో కదులుతున్న నీరు. పైపులో నెలల తరబడి నిలిచిపోయిన నీరు కాదు. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు దీని కోసమే.

## 1. బోరు వేయకముందు మూడు ప్రశ్నలు

- నేలలో ఉన్న పదార్థం ఏది? అది నీటిలో తేలుతుందా, మునుగుతుందా, కరుగుతుందా?
- ఏ పద్ధతిలో శుద్ధి చేస్తున్నారు? దానివల్ల నీటిలో కొత్తగా ఏం చేరవచ్చు?
- నీరు పారే వైపు ఎవరున్నారు? తాగునీటి బావి, చెరువు, వాగు ఎంత దూరంలో ఉన్నాయి?

మొదటి ప్రశ్న బోరు లోతును నిర్ణయిస్తుంది. పెట్రోలు, డీజిలు నీటికన్నా తేలిక, నీటి మట్టం మీద పొరలా తేలుతాయి. ట్రైక్లోరోఇథిలీన్ లాంటి క్లోరిన్ ద్రావకాలు నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. అవి కిందికి దిగిపోయి, నీరు చొరని బంకమట్టి పొర మీద ఆగుతాయి. పైన తేలేదాన్ని లోతు బోరులో, అడుగున ఉన్నదాన్ని పైబోరులో వెతికితే రిపోర్టులు శుభ్రంగానే వస్తాయి. కాలుష్యం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

రెండో ప్రశ్నను చాలామంది అసలు వేసుకోరు. మొదట ఉన్న కాలుష్యం తగ్గుతోందా అని మాత్రమే చూస్తారు. కానీ శుద్ధి పనే నీటి రసాయనాన్ని మార్చేస్తుంది. పద్ధతిని బట్టి పరీక్షల జాబితాలో ఇవి చేర్చండి:

- మట్టిని కుప్పలు పోసి సూక్ష్మజీవులతో శుద్ధి చేస్తే: పోషకాల కోసం కలిపిన ఎరువు నుంచి నైట్రేట్, అమ్మోనియా కిందికి దిగవచ్చు.
- పర్మాంగనేట్‌తో ఆక్సీకరణ చేస్తే: మాంగనీస్ చూడాలి. నేలలో మామూలుగా కదలకుండా ఉండే క్రోమియం, ఆక్సీకరణ వల్ల విషపూరితమైన హెక్సావాలెంట్ క్రోమియంగా మారి నీటిలో కలవవచ్చు. దాన్ని తప్పక చూడాలి.
- పర్‌సల్ఫేట్ వాడితే: సల్ఫేట్ పెరుగుతుంది, పీహెచ్ పడిపోవచ్చు.
- ఆక్సిజన్ లేని స్థితిలో సూక్ష్మజీవులతో క్లోరిన్ ద్రావకాలను విడగొడితే: మధ్యలో వినైల్ క్లోరైడ్ పుడుతుంది. అసలు ద్రావకం కన్నా ఇదే ఎక్కువ ప్రమాదకరం. ఇనుము, మాంగనీస్, ఆర్సెనిక్ కూడా కరిగి బయటికి రావచ్చు. మీథేన్ కూడా చూడండి.
- సిమెంట్, సున్నం కలిపి గట్టిపరిస్తే: పీహెచ్ బాగా పెరగవచ్చు. అది హద్దు దాటితే సీసం లాంటి లోహాలు మళ్లీ కరుగుతాయి.
- మట్టిని వేడి చేస్తే: ఉష్ణోగ్రత, ఇంకా వేడి చేసిన భాగం చుట్టూ ఆవిరయ్యే రసాయనాలు. ఆవిరి చల్లటి చోటికి చేరి మళ్లీ ద్రవంగా మారవచ్చు.

## 2. నీరు ఎటు పోతోందో తేల్చండి

నేల వాలు చూసి నీటి దిశ చెప్పేయకండి. పైన వాలు ఒకవైపు ఉండి, కింద నీరు ఇంకోవైపు కదలడం మామూలే.

దిశ తెలియాలంటే కనీసం మూడు బోర్లు కావాలి. మూడూ ఒకే గీత మీద కాకుండా త్రిభుజంలా ఉండాలి. చేయాల్సిన వరస ఇది:

1. ప్రతి బోరు కేసింగ్ పైఅంచు మీద ఒక గాటు పెట్టండి. ఎప్పుడు కొలిచినా అక్కడి నుంచే కొలవాలి.
2. ఆ గాటు ఎత్తును సర్వే చేయించండి. మిల్లీమీటర్లలో తేడా కూడా ఇక్కడ లెక్కకొస్తుంది.
3. అన్ని బోర్లలో నీటి మట్టం ఒకే రోజు, వీలైతే కొన్ని గంటల్లోనే కొలవండి. ఆలోపు ఏ బోరులోనూ నీరు తోడకూడదు.
4. గాటు ఎత్తులోంచి నీటి లోతు తీసేస్తే నీటి మట్టం ఎత్తు వస్తుంది. ఒకే ఎత్తున్న బిందువులను కలుపుతూ గీతలు గీయండి. మామూలుగా నీరు ఆ గీతలకు అడ్డంగా, ఎక్కువ ఎత్తు నుంచి తక్కువ ఎత్తుకు పోతుంది.

ఈ పటాన్ని ఒక్కసారి గీసి గోడకు తగిలిస్తే సరిపోదు. వానలు పడినా, పక్కన మోటార్లు నడిచినా దిశ మారుతుంది. గొయ్యి తవ్వి నీటిని తోడేస్తుంటే ఆ పని జరిగినన్ని రోజులు నీరు గొయ్యి వైపే తిరుగుతుంది. శాంపిల్ తీసే ప్రతి విడతలోనూ మళ్లీ గీయండి.

దిశతోపాటు వేగం కూడా లెక్క కట్టండి. ఉదాహరణకు, ఇసుక పొర నీటిని పోనిచ్చే గుణం రోజుకు 5 మీటర్లు, నీటి మట్టం వాలు 1000 మీటర్లకు 4 మీటర్లు, నీరు కదలగల ఖాళీల వాటా 0.25 అనుకుందాం. 5ను 0.004తో గుణించి 0.25తో భాగిస్తే రోజుకు 0.08 మీటర్లు. అంటే ఏడాదికి దాదాపు 29 మీటర్లు. మట్టి రేణువులకు అంటుకునే రసాయనాలు ఇంతకన్నా నెమ్మదిగా కదులుతాయి. ఈ లెక్క తెలియకుండా 60 మీటర్ల దూరంలో బోరు వేసి, ఆరు నెలలు శుభ్రంగా ఉందని ఊపిరి పీల్చుకున్నవాళ్లను చూశాను. వాళ్ల బోరు దాకా నీరు ఇంకా రానేలేదు.

## 3. బోర్లు ఎక్కడ, ఎలా

నాలుగు రకాల చోట్లు కావాలి:

- ఎగువన, అంటే భూగర్భ నీరు వచ్చే వైపు, ఒకటి. కాలుష్యం తగలని నీరు ఎలా ఉంటుందో ఇది చెబుతుంది. ఆర్సెనిక్ లాంటివి సహజంగానే నేలలో ఉండవచ్చు. ఈ బోరు లేకపోతే దాన్ని కూడా మీ సైట్ ఖాతాలో వేసుకోవాల్సి వస్తుంది.
- కాలుష్యం ఉన్నచోట లేదా దాని అంచున ఒకటి. శుద్ధి పనిచేస్తోందా లేదా అన్నది ముందు ఇక్కడే తెలుస్తుంది.
- దిగువన రెండు మూడు. ఒక్కటే వేస్తే కాలుష్యపు పాయ పక్కనుంచి తప్పించుకుపోతుంది.
- దిగువ బోర్లకూ తాగునీటి బావికీ మధ్య ఒక కాపలా బోరు. ఇందులో ఏదైనా కనిపించాక కూడా చర్య తీసుకోవడానికి సమయం మిగిలేంత ముందుగా ఉండాలి. ఆ దూరం పైన చెప్పిన వేగం లెక్కతో తేలుతుంది.

కాలుష్యం లోతుకు దిగే రకమైతే ఒకేచోట వేర్వేరు లోతుల్లో విడి బోర్లు వేయండి. పొడుగాటి స్లాట్ పైపుతో (నీరు లోపలికి రావడానికి సన్నని చీలికలున్న పైపు) ఒకే బోరు వేయవద్దు. మంచి నీరు, చెడ్డ నీరు కలిసి అంకె పలచబడుతుంది. పై పొరలోని కాలుష్యం ఆ బోరు గుండానే కింది పొరకు దిగిపోతుంది కూడా.

డ్రిల్లింగ్ రోజు దగ్గరుండి చూడాల్సినవి:

- [ ] పైపులను మరతోనే బిగించాలి. పీవీసీ జిగురులో ద్రావకాలు ఉంటాయి, అవి శాంపిల్‌లో కనిపిస్తాయి.
- [ ] స్లాట్ ఉన్న భాగం మామూలుగా 3 మీటర్లు మించకూడదు. తేలే ఇంధనాల కోసమైతే అది నీటి మట్టానికి పైనా కిందా ఉండాలి. ఏడాదిలో మట్టం ఎంత ఎక్కి దిగుతుందో కూడా లెక్కేసుకోండి.
- [ ] స్లాట్ చుట్టూ కడిగిన ఫిల్టర్ ఇసుక, స్లాట్ పైఅంచు దాటి అర మీటరుకు పైగా.
- [ ] దానిపైన తడిస్తే ఉబ్బి నీటిని ఆపే బెంటొనైట్ మట్టి సీల్, కనీసం 60 సెంటీమీటర్లు. ఆపైన నేల దాకా సిమెంట్ గ్రౌట్ (నీళ్లతో కలిపిన సిమెంట్ ముద్ద).
- [ ] పైన తాళం ఉన్న మూత, చుట్టూ నీరు బయటికి జారేలా సిమెంట్ దిమ్మ.
- [ ] ప్రతి మీటరుకు ఏ మట్టి వచ్చిందో రాసిన లాగ్.

బోరు పూర్తయ్యాక, గ్రౌట్ గట్టిపడటానికి కనీసం ఒక రోజు ఆగి, లోపలి ఒండ్రు పోయేదాకా నీటిని పైకీ కిందికీ కదుపుతూ తోడాలి. ఆ తర్వాత వారం రెండు వారాలు వదిలేసి మొదటి శాంపిల్ తీయండి. డ్రిల్లింగ్ మర్నాడే తీసిన శాంపిల్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

## 4. శుద్ధి మొదలుకాకముందు ఒక ఆధారం

యంత్రాలు రాకముందే నీటి పరిస్థితి నమోదు చేసి పెట్టుకోవాలి. సమయం ఉంటే వేర్వేరు కాలాల్లో నాలుగు విడతలు తీయండి. తొందర పని అయితే కనీసం రెండు. ఆధార విడతలో ప్రధాన లవణాలు, లోహాలు, కరిగిన ఆక్సిజన్, సల్ఫేట్, నైట్రేట్ అన్నీ చూడండి. తర్వాత ఏదైనా పెరిగితే "ఇది ముందునుంచీ ఉందా?" అన్న ప్రశ్నకు ఈ కాగితం ఒక్కటే జవాబు చెప్పగలదు.

ల్యాబ్‌తో ముందే మాట్లాడి, వాళ్లు కొలవగలిగే కనిష్ఠ స్థాయి మీ ప్రమాణం (మీరు దాటకూడని పరిమితి) కన్నా తక్కువే అని రాతపూర్వకంగా తీసుకోండి. తాగునీటిలో వినైల్ క్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ లీటరుకు 0.3 మైక్రోగ్రాములు. ల్యాబ్ 1 మైక్రోగ్రాము కన్నా తక్కువ చూడలేకపోతే, "కనబడలేదు" అని వచ్చినా నీరు సురక్షితమని దానర్థం కాదు. పోల్చుకోవడానికి అదే సంస్థ ఇతర విలువలు: బెంజీన్ 10, ఆర్సెనిక్ 10 మైక్రోగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు. మీ చోట చట్టం పెట్టిన పరిమితి వేరుగా ఉంటే దాన్నే పాటించాలి.

## 5. ముందు రోజు

- [ ] పీహెచ్, ఈసీ (నీటి విద్యుత్ వాహకత), ఆక్సిజన్ మీటర్లు క్యాలిబ్రేట్ చేసి, ఆ అంకెలు నోటుపుస్తకంలో రాశారా?
- [ ] సీసాలు ల్యాబ్ ఇచ్చినవేనా? ఏ సీసాలో ఏ యాసిడ్ ఉందో లేబుల్ ఉందా?
- [ ] నైట్రైల్ గ్లోవ్స్, ఒక్కో బోరుకు కనీసం రెండు జతలు.
- [ ] సరిపడా ఐసు. రసాయన ఐసు ప్యాకెట్ల కన్నా మామూలు ఐసు బాగా చల్లబరుస్తుంది.
- [ ] తోడిన నీరు పట్టడానికి డ్రమ్ము. కలుషిత నీటిని పక్కనే పారబోయకూడదు.
- [ ] పెట్రోలు డబ్బా, జనరేటర్ వేరే బండిలో.
- [ ] గడువు తక్కువున్న పరీక్షలకు ల్యాబ్ సిద్ధంగా ఉందా? హెక్సావాలెంట్ క్రోమియం మామూలుగా 24 గంటల్లో, నైట్రేట్ 48 గంటల్లో చేయాలి.

## 6. శాంపిల్ తీసే రోజు, వరసగా

మొదటి అడుగు. అన్ని బోర్ల నీటి మట్టాలు కొలవండి. ఇంధనం తేలే అవకాశం ఉంటే నూనె, నీరు రెంటినీ గుర్తించే ప్రోబ్ వాడండి. నూనె పొర కనిపిస్తే దాని మందం రాసుకుని ఆ బోరును వదిలేయండి. ఆ నీటిలో కరిగినది ఎంతో కొలవడం కుదరదు, సీసాలోకి నూనె చుక్కలే వస్తాయి.

రెండో అడుగు. అన్నిటికన్నా శుభ్రమైన బోరుతో మొదలుపెట్టి, అన్నిటికన్నా కలుషితమైనదానితో ముగించండి. వరస తిరగబడితే పంపుకు అంటిన మురికి మంచి బోరులోకి పోతుంది.

మూడో అడుగు. పంపు నోరు స్లాట్ భాగం మధ్యలో ఉండేలా మెల్లగా దించండి. దబ్బున వదిలితే అడుగున ఉన్న ఒండ్రు లేస్తుంది.

నాలుగో అడుగు. నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్ల మధ్య తోడండి. నీటి మట్టం 10 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ పడకుండా చూడండి. పడుతుంటే వేగం తగ్గించాలి. ఇక్కడ ఓపిక కావాలి. ఒక్కో బోరుకు గంట పట్టవచ్చు.

ఐదో అడుగు. మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి మీటర్ల అంకెలు రాయండి. వరసగా మూడుసార్లు ఈ హద్దుల్లో ఉంటే పొరలోని నీరు వస్తోందని అర్థం:

- పీహెచ్: 0.1 లోపు తేడా
- ఈసీ: 3 శాతం లోపు
- కరిగిన ఆక్సిజన్: 10 శాతం లోపు
- ఓఆర్‌పీ (ఆక్సీకరణ-క్షయకరణ సామర్థ్యం): 10 మిల్లీవోల్టుల లోపు
- మడ్డి (ఎన్‌టీయూ అనే కొలతలో): 10 శాతం లోపు, లేదా 5 ఎన్‌టీయూ కన్నా తక్కువ

ఇలా తోడే పంపు లేకపోతే పాత పద్ధతి ఉంది. బోరులో నిలిచిన నీటికి మూడు రెట్లు తోడి ఆపై శాంపిల్ తీయడం. 50 మిల్లీమీటర్ల పైపులో మీటరు ఎత్తుకు దాదాపు 2 లీటర్లు ఉంటాయి. 6 మీటర్ల నీరుంటే 12 లీటర్లు, మూడు రెట్లు అంటే 36. బకెట్‌లా ముంచి తీసే బెయిలర్ వాడితే గాలి కలుస్తుంది, మడ్డి లేస్తుంది. లోహాలకూ, ఆవిరయ్యే రసాయనాలకూ అది చివరి ప్రత్యామ్నాయమే.

ఆరో అడుగు. గ్లోవ్స్ మార్చి సీసాలు నింపండి. ఆవిరయ్యే రసాయనాల సీసాలు ముందు, తర్వాత మిగతా సేంద్రియ రసాయనాలు, ఆ తర్వాత లోహాలు, చివర లవణాలు.

ఆవిరయ్యే రసాయనాలకు 40 మిల్లీలీటర్ల చిన్న సీసాలు ఇస్తారు. నీరు అంచు మీద ఉబ్బినట్టు నిలిచేదాకా నెమ్మదిగా నింపి మూత బిగించండి. తలకిందులు చేసి వేలితో తట్టండి. బుడగ కనిపిస్తే ఆ సీసా పక్కన పెట్టి కొత్తది నింపండి. యాసిడ్ తగలగానే నీరు బుసబుస పొంగితే ఆ నీటిలో కార్బొనేట్ ఎక్కువ ఉందన్నమాట. అప్పుడు యాసిడ్ లేని సీసా వాడి ల్యాబ్‌కు చెప్పండి. పరీక్ష గడువు 14 రోజుల నుంచి 7 రోజులకు తగ్గుతుంది.

కరిగిన లోహాలు కావాలంటే 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో అక్కడికక్కడే వడకట్టి, ఆ తర్వాతే నైట్రిక్ యాసిడ్ ఉన్న సీసాలో పోయాలి. ముందు యాసిడ్ పోసి తర్వాత వడకడితే మట్టి రేణువుల్లోని లోహం కూడా కరిగి లెక్కలోకి వస్తుంది.

పర్మాంగనేట్ వాడిన చోట నీరు గులాబీ రంగులో వస్తే రసాయన చర్య సీసాలో కూడా సాగుతూనే ఉంటుంది. ల్యాబ్ చెప్పిన మోతాదులో ఆస్కార్బిక్ యాసిడ్ వేసి దాన్ని ఆపాలి. లేకపోతే దారిలోనే కాలుష్యం "శుద్ధి" అయిపోయి, నేల కన్నా సీసా బాగుంటుంది.

ఏడో అడుగు. లేబుల్ మీద బోరు నంబరు, తేదీ, గంట, తీసినవారి పేరు రాసి వెంటనే ఐసులో పెట్టండి. 4 డిగ్రీల దగ్గర ఉండాలి, గడ్డకట్టకూడదు. సీసా ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లిందో సంతకాలతో ఫారం నింపండి.

ఎనిమిదో అడుగు. పంపును ఫాస్ఫేట్ లేని సబ్బుతో, తర్వాత మంచినీటితో, చివర డిస్టిల్డ్ నీటితో కడిగాకే తర్వాతి బోరుకు వెళ్లండి. ట్యూబు మాత్రం ఒక్కో బోరుకు విడిగా ఉండాలి.

## 7. బ్లాంకులు, డూప్లికేట్లు

శాంపిల్ తీసే తీరులో తప్పులు పట్టుకోవడానికి పంపే అదనపు సీసాలివి. ఖర్చు తగ్గించమంటే అందరూ ముందు వీటినే కొట్టేస్తారు. కొట్టేయనివ్వకండి.

ఒకసారి మా శాంపిళ్లన్నింటిలో పెట్రోలులో ఉండే టోలీన్ అనే రసాయనం కనిపించింది. ఎగువ బోరులో కూడా! రెండు రోజులు టెన్షన్ పడ్డాం. ఐసు పెట్టెలో ల్యాబ్ నుంచే నింపి వచ్చి, మూత తీయకుండా తిరిగి వెళ్లే ట్రిప్ బ్లాంక్ సీసాలో కూడా అదే టోలీన్ ఉంది. ఆ రోజు జనరేటర్‌కు పోసే పెట్రోలు డబ్బా అదే బండిలో పెట్టాం. బ్లాంక్ లేకపోయి ఉంటే శుద్ధి పని ఆపేసి నెలల తరబడి లేని కాలుష్యం కోసం వెతికేవాళ్లం.

- ఆవిరయ్యే రసాయనాలున్న ప్రతి ఐసు పెట్టెలో ఒక ట్రిప్ బ్లాంక్.
- కడిగిన పంపు గుండా డిస్టిల్డ్ నీరు పోనిచ్చి పట్టిన శాంపిల్, రోజుకు ఒకటి.
- పది శాంపిళ్లకు ఒక డూప్లికేట్, అంటే అదే బోరు నుంచి అదే సమయంలో తీసిన రెండో శాంపిల్. ల్యాబ్‌కు తెలియకుండా వేరే పేరుతో పంపండి.

డూప్లికేట్ లెక్క తేలికే. రెండు అంకెల తేడాను వాటి సగటుతో భాగించి శాతం తీయండి. 12, 9 వస్తే తేడా 3, సగటు 10.5, అంటే దాదాపు 29 శాతం. చాలాచోట్ల 20 నుంచి 30 శాతం దాకా ఒప్పుకుంటారు. అంతకు మించితే ఆ విడతలోని చిన్న చిన్న హెచ్చుతగ్గులకు అర్థాలు వెతకకండి.

## 8. ఎన్నాళ్లకోసారి?

ఒకే అంకె అన్ని చోట్లా కుదరదు. నేను ఇలా మొదలుపెడతాను:

- శుద్ధి కోసం నేలలోకి రసాయనం ఎక్కించాక మొదటి నెల, దగ్గరి బోర్లలో వారానికోసారి. ల్యాబ్ పరీక్షలన్నీ అక్కర్లేదు. పీహెచ్, ఈసీ, ఓఆర్‌పీ, ఆ రసాయనం చాలు.
- శుద్ధి సాగుతున్నంతకాలం దగ్గరి బోర్లలో నెలకోసారి, దూరపు బోర్లలో మూడు నెలలకోసారి.
- శుద్ధి అయ్యాక మూడు నెలలకోసారి.

వేగం లెక్కను ఇక్కడ మళ్లీ తీయండి. నీరు ఏడాదికి 3 మీటర్లే కదిలే బంకమట్టిలో దూరపు బోరును నెలనెలా తోడి ప్రయోజనం లేదు. ఏడాదికి 300 మీటర్లు కదిలే గులకరాళ్ల పొరలో మూడు నెలలు ఆగితే ఆలస్యమైపోతుంది.

ఏ అంకె దాటితే ఏం చేయాలో కూడా ముందే రాసి పెట్టుకోండి. కాపలా బోరులో ప్రమాణంలో సగం దాటితే వారంలోగా మళ్లీ శాంపిల్, రెండోసారీ దాటితే పని ఆపి దిగువన నీళ్లు వాడేవారికి సమాచారం. అంకె వచ్చాక కూర్చుని చర్చిస్తే రోజులు గడిచిపోతాయి, ఆ రోజుల్లో జనం ఆ నీరే తాగుతుంటారు.

## 9. రిపోర్టు చదవడం

ముందు బ్లాంకులు, గడువులు, పెట్టె ఉష్ణోగ్రత చూడండి. తర్వాత ధన, రుణ అయాన్ల మొత్తాలు సరిపోతున్నాయో చూడండి. తేడా 5 శాతం లోపు ఉంటే మంచిది, 10 దాటితే ల్యాబ్‌ను మళ్లీ చూడమనండి. ఆ తర్వాతే కాలుష్యం అంకెలకు రండి.

"0.5 కన్నా తక్కువ" అని వస్తే పట్టికలో సున్నా వేయకండి, వచ్చింది వచ్చినట్టే రాయండి.

ప్రతి బోరుకు ఒక గ్రాఫ్ గీయండి. కాలుష్యం, నీటి మట్టం రెండూ ఒకే గ్రాఫ్ మీద. వానలకు మట్టం పెరిగి కాలుష్యం తగ్గితే అది కేవలం పలచబడటం కావచ్చు. మట్టం పెరిగినప్పుడే కాలుష్యమూ పెరుగుతుంటే, పైన పొడి మట్టిలో ఇంకా మిగిలి ఉన్నది నీటికి తగులుతోందని అనుమానించాలి. శుద్ధి ఇంకా ఎక్కడ చేయాలో ఆ గ్రాఫే చూపిస్తుంది.

తగ్గుతోందా లేదా అని కళ్లతో తేల్చకుండా మాన్-కెండాల్ పరీక్ష చేయండి. ప్రతి అంకెనూ దాని ముందున్న అన్ని అంకెలతో పోల్చి, పెరిగితే ఒకటి కలపాలి, తగ్గితే ఒకటి తీసేయాలి. మొత్తం బాగా రుణాత్మకంగా వస్తే తగ్గుదల నిజమే. నాలుగు విడతలతో మొదలుపెట్టవచ్చు, ఎనిమిది ఉంటే నమ్మకం కుదురుతుంది.

## 10. తరచూ జరిగే తప్పులు

లోహాలు ఒక్కసారిగా పెరిగాయి. ముందు మడ్డి అంకె చూడండి. ఎక్కువుంటే మట్టి రేణువుల వల్లే. బోరును మళ్లీ శుభ్రం చేసి, నెమ్మదిగా తోడి, వడకట్టినదీ వడకట్టనిదీ రెండూ పంపండి.

ఒక్క బోరులోనే పీహెచ్ 11 పైన ఉంది. అక్కడ సిమెంట్ కలిపే పని జరగకపోతే, గ్రౌట్ స్లాట్ భాగంలోకి దిగి ఉండవచ్చు. ఎంత తోడినా తగ్గకపోతే కొత్త బోరు వేయాల్సిందే.

నీరు తోడగానే బోరు ఎండిపోతోంది. ఊరాక శాంపిల్ తీయండి, 24 గంటలు దాటనివ్వకండి. ఎండిపోయిందన్న సంగతి రిపోర్టులో రాయండి. ఆవిరయ్యే రసాయనాల అంకెలు అసలు కన్నా తక్కువగా ఉండే అవకాశం ఉంది.

కరిగిన ఆక్సిజన్ ఎక్కువుంది, కరిగిన ఇనుమూ ఎక్కువుంది. మామూలు పీహెచ్ ఉన్న నీటిలో ఈ రెండూ కలిసి ఉండవు. ట్యూబులో గాలి చొరబడి ఉంటుంది, లేదా మీటరు తప్పు చూపిస్తోంది.

విడత విడతకూ మనుషులు, పంపు మారుతున్నారు. వేర్వేరు పద్ధతుల్లో తీసిన అంకెలను ఒకే గ్రాఫ్‌లో కలిపితే లేని మార్పు కనిపిస్తుంది. పంపు లోతు, వేగం, వరస ఒక కాగితం మీద రాసి ప్రతి బోరు మూతకు లోపల అతికించండి.

## 11. శుద్ధి ముగిశాక

రసాయనం ఎక్కించిన కొన్ని వారాలకు అంకెలు బాగా పడిపోతాయి. అక్కడితో ఆపకండి. బంకమట్టిలో ఇరుక్కున్న కాలుష్యం నెమ్మదిగా మళ్లీ నీటిలోకి ఊరుతుంది, నెలల తర్వాత అంకె తిరిగి లేస్తుంది. కనీసం ఏడాది, అంటే నీటి మట్టం అత్యధికంగా ఉన్న కాలమూ అత్యల్పంగా ఉన్న కాలమూ రెండూ గడిచేదాకా చూడండి. ఆ విడతలన్నింటిలో ప్రమాణం లోపే ఉండి, శుద్ధి వల్ల పెరిగిన మాంగనీస్, సల్ఫేట్, పీహెచ్ కూడా ఆధార స్థాయికి దగ్గరపడితే అప్పుడు ఆపమని అడగవచ్చు.

అనుమతి వచ్చాక బోర్లను అలాగే వదిలేయకూడదు. వాడని బోరు పైనున్న మురికికి నేరుగా కిందికి దారి. వీలైతే కేసింగ్ లాగేసి, గ్రౌట్ గొట్టాన్ని అడుగుదాకా దించి, కింది నుంచి పైకి నింపుకుంటూ రండి. మర్నాడు వెళ్లి గ్రౌట్ కుంగిందేమో చూసి, కుంగితే మళ్లీ నింపండి.